ఆర్గను, బాకా, జనగణమన

ఆగస్టు 15న చర్చిలో ఆర్గను మీద దేశభక్తి గీతం మ్రోగి, దానికి బాకా తోడైతే "పరాయి వాద్యాలతో మన గీతమా?" అని అడిగేవారు మా కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలోనూ ఉంటారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. సమాధానం చరిత్రలోనే వెదకాలి.

ముందు బాకా సంగతి. 'బాకా ఊదుట' అన్న నుడికారానికి నేడు చెడ్డ అర్థం పట్టింది గాని, కాహళి, కొమ్ము, బూర మన రాజద్వారాలలోనూ జాతరలలోనూ మ్రోగినవే. ఇత్తడి ట్రంపెట్టు పడమటినుండి వచ్చినా పెండ్లి ఊరేగింపులో బ్యాండుమేళమై మనదైపోయింది.

ఇక ఆర్గను. నిలువెత్తు గొట్టాల ఆర్గను పల్లె చర్చికి అందని వస్తువు. దాని దాయాది హార్మోనియం. అక్కడ గాలి గొట్టాలను పలికిస్తే, ఇక్కడ తిత్తిలోని గాలి లోహపు రేకులను పలికిస్తుంది. 1842లో పారిస్ నగరంలో డెబాన్ అనువాడు దీనికి హక్కుపత్రం పొందాడు. కలకత్తాలో ద్వారకనాథ ఘోష్ దానిని చేతితిత్తితో నేలపై కూర్చుండి వాయించుటకు వీలుగా మలచాడు. మన పద్యనాటకానికి, హరికథకు, భజనకు అదే ప్రాణమైంది. అయినా 1940లో ఆకాశవాణి దానిని వెలివేసింది. గమకం పలకదన్నది ప్రధానమైన ఆక్షేపణ. రవీంద్రునికీ ఆ వాద్యం రుచించలేదు. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు.

వాద్యానికి ఆ గతి పట్టడానికి రెండేండ్ల ముందే మన నిజాం రాజ్యంలో పాటకే అలాంటి గతి పట్టింది. 1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు చదువు కోల్పోయారు. నాగపూరు విశ్వవిద్యాలయం ఎందరికో ఆశ్రయమిచ్చింది. పి.వి. నరసింహారావు అక్కడికి వెళ్లి చదివింది ఆ ఉద్యమ ఫలితంగానే. 1947 ఆగస్టు 15 కూడా ఇక్కడివారికి పండుగ కాలేదు. 1948 సెప్టెంబరు 17 వరకు వేచియుండవలసివచ్చింది. అందుచేత ఈ గడ్డమీద దేశభక్తి గీతాన్ని ఎవరు ఏ వాద్యంపై వినిపించినా, ఒకనాడు దానికి చెల్లించిన మూల్యం గుర్తుకు రావాలి.

ఇప్పుడు జనగణమన. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడారు. 1919లో రవీంద్రుడు మన మదనపల్లెలోని బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు దానిని తానే పాడి, ఆంగ్లానువాదమూ అక్కడనే చేశాడు. ఆ బాణీని స్వరలిపిలో పెట్టినది ఐర్లండు దేశీయురాలు మార్గరెట్ కజిన్స్. ఆమె సంగీత పట్టభద్రురాలు. ఈ గీతం 1950 జనవరి 24న జాతీయగీతమైంది. పాశ్చాత్య వాద్యబృందం వాయించేందుకు దానికి స్వరవిన్యాసం కూర్చినవారిలో హెర్బర్ట్ మరిల్ అనే ఆంగ్లేయుడు ఒకడు. ఆయన ఆక్స్‌ఫర్డులో ఆర్గను వాదనకే విద్యార్థివేతనం పొందినవాడు!

అంటే, చర్చిలో ఆర్గను జనగణమన పలికితే అది పరాయి ఇంట మన పాట కాదు. ఆ గీతపు చరిత్రలో ఆర్గను వాద్యకుడు ముందే ఉన్నాడు. గమకం విషయంలో ఆక్షేపణ న్యాయమే. తోడిరాగం హార్మోనియంపై పూర్తిగా పలకదు. అయితే అది సంగీతశాస్త్ర విషయం, దేశభక్తికి కొలబద్ద కాదు. ఆ రెంటినీ కలిపివేసినప్పుడే చిక్కు వస్తుంది. ఆ తరువాత వాద్యాన్ని విడిచి వాయించేవాని భక్తినే శంకించడం మొదలవుతుంది. పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టిన గడ్డపై మనం ఆ పొరపాటు చేయరాదు.

మీ ఊరి చర్చిలో ఈసారి జాతీయగీతం వినిపిస్తే, లేచి నిలబడండి. ఏ వాద్యమని తరువాత అడుగవచ్చును.