వేములవాడ ఆస్థానమున హిడింబాప్రణయము

రాక్షసకాంత మానవుని వలచిన కథలలో హిడింబాభీముల కథ మిక్కిలి వినోదకరమైనది. లక్కయింటినుండి తప్పించుకొనిన పాండవులు అడవిలో నిద్రించుచుండగా, వారిని చంపి తెమ్మని హిడింబాసురుడు చెల్లెలిని పంపెను. ఆమె మేల్కొనియున్న భీముని జూచినంతనే యన్న యాజ్ఞ మరచి, మాయచే సుందరరూపము దాల్చి, తన్ను వరింపుమని వేడెను. నిద్రించు తల్లిని, సోదరులను రక్కసుని భయమున లేపుటకు భీముడు సమ్మతింపలేదు. పిదప జరిగిన ద్వంద్వయుద్ధమున హిడింబాసురుడు మడిసెను.

సంస్కృతభారతమున ధర్మరాజు ఈ పొత్తున కొక యొడంబడిక విధించెను. పగలెల్ల హిడింబ భీమునితో నిచ్చవచ్చిన చోట విహరింపవచ్చును. రాత్రి యగుసరికి అతనిని మరల దెచ్చి యప్పగింపవలెను. నిశాచరికి రాత్రిని నిషేధించి పగటి నొసగుట యిందలి చమత్కారము. ఘటోత్కచుడు జనించినంతట వారు విడిపోయిరి.

ఈ కథకు 10వ శతాబ్దిలో తెలంగాణమున నొక క్రొత్త స్థితి యేర్పడినది. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు క్రీ.శ. 941లో కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. వేములవాడ చిరకాలము కరీంనగరు జిల్లాలోనిదై, 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. పంపని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల చెంత బొమ్మలగుట్టపై వేయించిన శాసనమున తెలుగు కందపద్యము లున్నవి. కావున కన్నడాంధ్రములు రెండును ఆ సీమలో కవితాభాషలై యుండెను.

పంపడు తన ప్రభువును అర్జునునితో అభిన్నునిగా వర్ణించి, ద్రౌపదిని అర్జునునకు మాత్రమే భార్యగా జేసెను. ఈ మార్పు రాజగౌరవార్థమే గాని హిడింబకొరకు గాదు. అయినను దాని ఫలము ఆమెకును దక్కినది. వ్యాసభారతమున పాంచాలి ఆమెకు సవతి, పంపభారతమున కాదు.

సుమారు శతాబ్దము గడచిన పిమ్మట, రాజరాజనరేంద్రుని (1022–1061) కోరికపై నన్నయ తెనిగించిన ఆదిపర్వమున పాంచాలి మరల ఐదుగురి భార్యయే. కాని యందు వ్యాసమహర్షి హిడింబకు కమలపాలిక యను పేరిడెను. ఒక యాస్థానమున ఆమెకు సవతి తొలగినది. వేరొక యాస్థానమున గౌరవనామము లభించినది. రక్కసి కోడలగుటకు కవు లిట్లు రెండు త్రోవలు చూపిరి. రెంటను ఆమె నివాసము మాత్రము అడవియే.

కావ్యములు భీముని అడవినుండి ఏకచక్రపురమునకు గొనిపోయినవి. ఆదిలాబాదు అడవులలోని కొలాములు భీమయ్యక్ దేవుని నేటికిని కొలుచుచున్నారు.