శ్వాస కుదుటపడినా తీరని మగత: ఒక వైద్యచరిత్ర పరిశీలన

పగటి మగతను రోగలక్షణంగా గుర్తించిన చరిత్రలో సాహిత్యానికీ పాత్ర ఉంది. చార్లెస్ డికెన్స్ రచించిన 'పిక్విక్ పేపర్స్' (1836-37)లో జో అనే స్థూలకాయ బాలుడు ఎక్కడపడితే అక్కడ నిద్రపోతుంటాడు. 1956లో బర్వెల్ బృందం స్థూలకాయం, మందశ్వాస, మగత కలగలిసిన స్థితిని 'పిక్వికియన్ సిండ్రోమ్'గా వర్ణించింది. నాటికి మగతే కంటికి కనిపించే ప్రధాన లక్షణం. 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో వేర్వేరుగా నిద్రలోని శ్వాసవిరామాలను నమోదు చేయడంతో దృష్టి మగత నుండి శ్వాసకు మళ్ళింది.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ బృందం సీప్యాప్ చికిత్సను ప్రకటించింది. ముక్కు ద్వారా నిరంతరం అందే వాయుపీడనం గొంతుమార్గాన్ని మూసుకుపోనివ్వదు. గంటకు ఎన్ని శ్వాసవిరామాలన్నది వ్యాధి తీవ్రతకు కొలమానమైంది. అయితే ఆ సంఖ్య తగ్గినా కొందరిలో మగత తగ్గలేదు. చికిత్స ఫలించిందని యంత్రం చూపుతుండగా, అలసట తీరలేదని రోగి చెప్పిన మాట సందేహాస్పదమైంది.

1991లో ముర్రే జాన్స్ ప్రకటించిన ఎప్‌వర్త్ మాపనం 8 ప్రశ్నలతో ఆ మాటకే అంకెరూపం ఇచ్చింది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, సీప్యాప్ వంటి ప్రామాణిక చికిత్సకు తోడుగా మాత్రమే, ఈ మిగులు మగతకు మొడాఫినిల్‌ను అనుమతించింది. నిద్రలేమి, కుంగుబాటు, యంత్రాన్ని చాలినంతసేపు వాడకపోవడం వంటి కారణాలను ముందుగా పరిశీలించవలసిందే. అవేవీ కానప్పుడు ఆ మగతను సోమరితనంగా కొట్టివేయడానికి వీలులేదు. శ్వాసను లెక్కించే క్రమంలో మరుగునపడిన రోగి అనుభవం ఈ విధంగా మళ్ళీ ప్రమాణమైంది.