గాజు గొట్టాల్లో కొలిచిన ఎండ

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం దాన్ని గాజు గొట్టాల్లో పోసి, సీలు వేసి, గంట గంటకూ ఎండలో పెట్టింది. ఏ వేళ ఎండకు ఎంత భాగం డి విటమిన్ తొలిరూపంగా మారుతుందో కొలిచింది. బాగా మారేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకానేనని 2013లో ప్రచురించింది. లేత ఎండ చాలనుకునే మనకు ఇది పెద్ద మాట.

డి విటమిన్ ద్వారా ఎండకూ ఎముకకూ ఉన్న లంకె తేలడానికి చాలా కాలం పట్టింది. 1919లో లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లల్ని ఇంట్లోనే ఉంచి పెంచాడు. తిండి లోపంతో వాటికి ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు వచ్చింది, కాడ్ చేప కాలేయపు నూనెతో నయమైంది. జబ్బు తిండిదేనన్నాడు. అదే ఏడు బెర్లిన్‌లో కర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్‌తో దొడ్డికాళ్లు వచ్చిన పిల్లలకు పాదరసపు దీపం వెలుగు పట్టించి నయం చేశాడు. వెలుగు ఒక చేతిమీదే పడినా రెండో చేతి ఎముకా గట్టిపడింది! అంటే చర్మంలో పుట్టినదేదో నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే.

మరి తిండా, వెలుగా? 1922లో మెకల్లమ్ అనే శాస్త్రవేత్త ఆ చేప నూనెను వేడిచేసి, గాలి పట్టించి ఎ విటమిన్‌ను చంపేశాడు. రికెట్స్‌ను మాన్పే గుణం మాత్రం పోలేదు. ఎ, బి, సి అప్పటికే ఉన్నాయి కాబట్టి దీన్ని డి అన్నారు. 1924లో స్టీన్‌బాక్ అనే మరో శాస్త్రవేత్త ఎలుకల మేతకే అతినీలలోహిత కిరణాలు పట్టించి, ఆ మేతతోనే జబ్బు మాన్పాడు. రెండు దారులూ ఒక్కచోటే కలిశాయి.

ఇంత ఎండ కాసే మన సీమలో డి విటమిన్ లోటెందుకు? జమ్మలమడుగులో మగ్గం గుంతలో కూర్చునే నేతగానికీ, ప్రొద్దుటూరు నగల అంగళ్లలో పనిచేసేవాళ్లకీ ఆ 11–2 గంటలు నీడలోనే గడుస్తాయి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో డి విటమిన్‌ను పుట్టించే కిరణాలు దాదాపు ఉండవు. నల్లని చర్మానికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. పులివెందుల చీనీ తోటల్లో పనిచేసేవాళ్లకు ఎండ దండిగా ఉంది, అయినా అది ఒక్కటే చాలదు. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఇదే బృందం చూస్తే తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటబట్టనీయని ఫైటేట్లు ఎక్కువ. కాల్షియం తగ్గితే ఒళ్లు ఉన్న డి విటమిన్‌నూ త్వరగా ఖర్చుచేస్తుంది.

అందుకే రాగిసంగటి, పాలు, పెరుగు మానకూడదు. రాగుల్లో డి ఉండదు, కాల్షియం మెండు. రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. గుడ్డు పచ్చసొనలో, చేపల్లో డి కొంత దొరుకుతుంది. పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. ఇక ఎండకు గడియారం అక్కర్లేదు: మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళ చేతులు, కాళ్లు కాసేపు ఎండకు తగలనివ్వాలి. మండువేసవిలో మాత్రం కొద్ది నిమిషాలకే నీడకు రావాలి.