సందూకలో వైద్య గ్రంథాలు



మా శ్రీరాంపూర్ బొగ్గుగనుల ఊరు. ఇక్కడ క్వార్టర్ మారినప్పుడల్లా సామాను తగ్గించుకోక తప్పదు. తాతలనాటి సందూకలో అట్ట ఊడిన వైద్య గ్రంథమో, తాటాకుల కట్టో కనబడితే "ఇప్పుడు వీటిని ఎవరు చదువుతారులే" అని పాత కాగితాలవాడికి తూకానికి వేసేస్తాం. అలా వేసే ముందు కాస్త ఆగమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనిషి తన ఒంటి లోపల ఏముందో తెలుసుకోవడానికి ఎంత కష్టపడ్డాడో ఈ పుస్తకాలే చెబుతాయి. శవాన్ని బోనులో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, తర్వాత వట్టివేళ్ళ కుంచెతో మెల్లగా రుద్దుతూ ఒక్కొక్క పొరా చూడాలని సుశ్రుత సంహితలో ఉంది. అందులో ఎముకలు 300 అని లెక్క. ఈనాటి లెక్క 206. పళ్ళనూ, మృదులాస్థినీ కూడా కలిపి లెక్కపెట్టడమే ఆ తేడాకు ముఖ్య కారణం.

ఐరోపాలో వెసేలియస్ అనే వైద్యుడు 1543లో బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అప్పటిదాకా అక్కడి వైద్యులకు గాలెన్ మాటే వేదం. గాలెన్ కోసి చూసింది జంతువులను. మనిషి కింది దవడ రెండు ఎముకలని ఆయన రాస్తే, కాదు, ఒక్కటేనని వెసేలియస్ చూపించాడు.

ఇటువంటి పుస్తకాలను ఏరికోరి కూడబెట్టిన రాజు ఒకడు మన పొరుగునే ఉండేవాడు. 1798 నుంచి 1832 వరకు తంజావూరును ఏలిన రెండవ శరభోజి. నాయక రాజుల కాలం నుంచీ అక్కడ తెలుగు తాళపత్రాలు ఉండేవి. వాటి పక్కనే ఈయన ఐరోపా నుంచి శరీరశాస్త్రం, వైద్యం పుస్తకాలు తెప్పించి పెట్టాడు. పుస్తకాలపై తన చేత్తో ఇంగ్లీషులో సంతకం చేసేవాడు. 1820లో కాశీయాత్రకు వెళ్ళినప్పుడు కూడా గ్రంథాలు సేకరించాడు. కంటిజబ్బుల రోగుల వివరాలు రాయించి, కళ్ళ బొమ్మలు కూడా వేయించాడు. అవి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

రాజులకే సాధ్యమనుకోకండి. మన హైదరాబాదులో 1956లో వైద్య చరిత్ర విభాగం మొదలైంది. దాన్ని నిలబెట్టినవారు డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డిగారు. శరీరధర్మశాస్త్రం బోధించిన ఆచార్యులు. ఆనాటి విభాగమే పెరిగి పెద్దదై, నేడు గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా ఉంది. వైద్యంపై అరుదైన పుస్తకాలు, రాతప్రతులు అక్కడ చూడవచ్చు.

మరి మన ఇళ్ళ మాట? తెలుగు వైద్యుల ఇళ్ళలో బసవరాజీయం వంటి గ్రంథాలు తరతరాలుగా ఉండేవి. సంస్కృతమూ తెలుగూ కలిసిన పుస్తకం అది. ఒక్కోసారి అంచుల్లో తాత చేతిరాత ఉంటుంది. అచ్చు పుస్తకం పోతే మరొకటి దొరకవచ్చునేమో గాని, ఆ చేతిరాత పోతే మళ్ళీ రాదు.

పాత పుస్తకం దొరికితే చిరిగినచోట టేపు అంటించకండి. ఎండలో ఆరేయకండి. చెమ్మ తగలని చోట, శుభ్రమైన నూలుబట్టలో చుట్టి ఉంచండి. తాటాకులను గట్టిగా వంచితే విరుగుతాయి. ఉంచుకునే వీలు లేకపోతే తెలిసిన గ్రంథాలయానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అది ఎవరిదో, ఏ ఊరిదో ఒక చీటీ మీద రాసి పెట్టండి.

ఇంకొక్క మాట. అందులోని మందులు చూసి ఇంట్లో నూరుకోవద్దు తల్లీ! పాదరసం, పాషాణం వంటివి కూడా వాటిలో ఉంటాయి. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఆ పుస్తకాలను దాచుకునేది మందు కోసం కాదు, మనవాళ్ళు ఏం తెలుసుకున్నారో మన పిల్లలకు తెలియడం కోసం.

ఇంట్లో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చేది సాధారణంగా మనమే కదా. ఆ తేల్చేదేదో ఒకసారి విప్పి చూసి తేలుద్దాం. సెలవు.