'సైన్' పద చరిత్ర

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో తెలుగు మాధ్యమంలో గణితం అభ్యసించే విద్యార్థికి 'జ్యా' అన్న పదం వృత్తాల పాఠంలోనే పరిచయమవుతుంది. తమిళ మాధ్యమంలోని సహాధ్యాయి దానినే 'నాణ్' అంటాడు. రెండింటికీ మూలార్థం వింటినారి. చాపం విల్లయినప్పుడు దాని రెండు కొనలను కలిపే గీత అల్లెత్రాడు కాక మరేమిటి! పై తరగతిలో త్రికోణమితి వస్తుంది; 'సైన్' ఎదురవుతుంది. ఇది పరాయి మాట అనీ, ఉన్నత గణితం తన భాషకు అందనిదనీ ఆ విద్యార్థి భావిస్తాడు. ఆ భావనకు ఆధారం లేదు.

గ్రీకు శాస్త్రజ్ఞుడు టాలెమీ పూర్ణజ్యలతో గణించాడు. భారతీయులు రెట్టింపు చాపపు జ్యలో సగాన్ని గ్రహించి గణనను సులభం చేశారు. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో రచించిన 'ఆర్యభటీయం'లో 225 కలల అంతరంతో 24 అర్ధజ్యల భేదాలను పేర్కొన్నాడు. ఆ అర్ధజ్యను వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదే నేటి సైన్. వాడుకలో 'అర్ధ' జారిపోయి 'జ్య' మిగిలింది. దానికే 'జీవ' అని మరో పేరు.

8వ శతాబ్దంలో భారతీయ జ్యోతిర్గణితం బాగ్దాదు చేరింది. అరబ్బులు 'జీవ'ను 'జీబ' అని స్వీకరించారు. వారి లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయరు. 'జీబ'కు అరబ్బీలో అర్థం లేదు. అవే అక్షరాలను 'జైబ్' అని చదివితే వస్త్రపు ముడుత, ఎదభాగం అన్న అర్థాలున్నాయి. ఆ పాఠమే నిలిచింది. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు 'జైబ్'కు సమానార్థకంగా 'సైనస్' అని వ్రాశారు. ఇంగ్లీషు 'సైన్' దాని నుండి వచ్చింది. విచిత్రమేమంటే, అదే 'జైబ్' పారశీ, ఉర్దూల మీదుగా తెలుగులో 'జేబు' అయింది. వింటినారి తెలియకుండానే చొక్కా జేబుకు చుట్టమైంది!

పాఠ్యగ్రంథకర్తలు 'జ్యా'ను వృత్తానికి పరిమితం చేసి, త్రికోణమితిలో 'సైన్'ను యథాతథంగా ఉంచారు. పరీక్షల సౌకర్యం దృష్ట్యా అది తప్పు కాదు. అయితే రెండింటి బంధుత్వాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉండవలసింది.

'కోటిజ్య' నుండే 'కోసైన్' పుట్టిందని కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. అది సరికాదు. పూరక కోణపు సైనస్ అన్న లాటిన్ మాటను కుదించి 1620లో ఎడ్మండ్ గుంటర్ 'కో-సైనస్' అని వాడాడు. పదాలు వేరైనా, పూరక కోణపు జ్య అన్న భావం రెండింటిలోనూ ఒకటే.