నవ్వు ఎవరి మీద? - ఒక ఆసుపత్రి నవల, దాని చరిత్ర

మా బడిలో చదివి డాక్టరు కోర్సుకు వెళ్లిన కుర్రాడొకడు హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక ఇంగ్లీషు నవల తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చదవండి మాస్టారూ, నవ్వొస్తుంది. తర్వాత సిగ్గేస్తుంది" అన్నాడు. అది శామ్యూల్ షెమ్ రాసిన 'ది హౌస్ ఆఫ్ గాడ్'. 1978లో అమెరికాలో వెలువడింది. షెమ్ కలం పేరు. అసలు పేరు స్టీఫెన్ బెర్గ్‌మన్. 1973-74లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో ఇంటర్న్‌గా గడిపిన ఏడాదే ఆయనకు వస్తువు.

ఈ నవల వెనక ఒక చరిత్ర ఉంది. 1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచారు. అక్కడ విలియం హాల్‌స్టెడ్ రూపొందించిన శస్త్రవైద్య శిక్షణలో యువవైద్యుడు ఆసుపత్రిలోనే కాపురముండాలి. 'రెసిడెంట్' అన్న మాటలోని అర్థం అదే. పగలూ రాత్రీ లేని ఈ చాకిరీని దీక్ష అనీ, త్యాగమనీ కీర్తించారు. హాల్‌స్టెడ్ తానే కొకెయిన్‌కూ, ఆపైన మార్ఫిన్‌కూ బానిస అన్న నిజం ఆ కీర్తనల్లో వినిపించదు. చౌక శ్రమకు ఆదర్శమనే ముసుగు వెయ్యడం వ్యవస్థకు కొత్త కాదు.

షెమ్ ఆ ముసుగు లాగేశాడు. రాయ్ బాష్ అనే ఇంటర్న్‌కు 'లావుపాటి మనిషి' అనే సీనియర్ బతికి బయటపడే సూత్రాలు నేర్పుతాడు. బతుకూ చావూ కాని స్థితిలో ఉన్న వృద్ధరోగులను అక్కడ 'గోమర్లు' అంటారు. 'నా ఎమర్జెన్సీ గదిలోంచి పో' అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి కట్టిన పేరది. రోగిని మరో విభాగానికి తోసెయ్యడం అక్కడొక విద్య. పాట్స్ అనే ఇంటర్న్ ఆత్మహత్య దగ్గరకొచ్చేసరికి అంతవరకూ నవ్విన పాఠకుడు ఇక నవ్వలేడు.

ఇక్కడ మనం ఒక ప్రశ్న వెయ్యాలి. ఈ హేళన ఎవరి మీద? పెద్ద డాక్టర్ల డాంబికం మీద ఉన్నంతవరకూ అది వ్యంగ్యం. మంచం పట్టిన ముసలివాళ్ల మీదికి, నర్సుల శరీరాల మీదికి మళ్లినప్పుడు అది వెటకారం. అనవసరమైన చికిత్సలు వృద్ధులను మరింత బాధిస్తాయని ఆ సీనియర్ చేతనే చెప్పించడం నవలకు మేలు చేసింది. స్త్రీపాత్రల విషయంలో మాత్రం అలాంటి సమాధానం దొరకదు.

రెండో లోపం ముగింపులో ఉంది. బాష్ వార్డు వదిలి మనోవైద్యం వైపు వెళ్లిపోతాడు. అది ఒక మనిషి విముక్తి. వార్డు ఎప్పటిలాగే ఉంటుంది. కాని నవల అచ్చు కావడానికి మూడేళ్ల ముందే, 1975 మార్చిలో, న్యూయార్క్ ఇంటర్న్‌లూ రెసిడెంట్లూ పనిగంటల కోసం సమ్మె కట్టారు. సాహిత్యం ఒంటరి మనిషిని చూస్తున్న కాలంలో చరిత్ర సంఘాన్ని చూపించింది.

చట్టం మాత్రం ఒక చావు తర్వాతే వచ్చింది. 1984లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల విద్యార్థిని న్యూయార్క్ ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఆమె తండ్రి పాత్రికేయుడు. ఆయన ఊరుకోలేదు. 1986లో గ్రాండ్ జ్యూరీ వైద్యుల మీద నేరారోపణ చెయ్యలేదు గాని శిక్షణ పద్ధతిని తప్పుపట్టింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటల హద్దు పెట్టింది. దేశమంతటికీ ఆ హద్దు 2003లో వచ్చింది. మన దేశంలో 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలంది. వార్డుల్లో రాత్రుళ్లు గడిపినవాళ్లకు ఆ అంకె కూడా ఒక వ్యంగ్యరచనే.

పుస్తకం తిరిగి ఇస్తున్నప్పుడు నవ్వొచ్చిందా అని అడిగాడు మా కుర్రాడు. వచ్చిందన్నాను. "రాత్రి ఒక ముసలమ్మను పేరు పెట్టి కాకుండా మంచం నంబరుతో పిలిచాను మాస్టారూ. ముప్పై గంటలుగా నిద్ర లేదు. ఆమె పలికింది" అన్నాడు.

ఆ ముసలమ్మ వైపు నుంచి ఈ కథ ఇంకా రాయవలసి ఉంది.