పారిస్ దుర్భిణికి చిక్కిన సూర్యుడు

నక్షత్రాన్ని ఫొటో తీయబోతే వెలుతురు చాలదు. సూర్యుడితో చిక్కు దీనికి తలకిందులు. ఫొటో పలక మీద క్షణం ఎక్కువ వెలుగు పడినా సూర్యుడి మీది మచ్చల ఆనవాలు మిగలదు. 1845 ఏప్రిల్ 2న పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్తలు ఫిజో, ఫూకో ఈ చిక్కు విప్పారు. ఖగోళ శాస్త్రవేత్త అరాగో కోరితే పూనుకున్న పని అది. వెండిపూత పూసిన రాగిరేకు మీద సెకనులో అరవయ్యో వంతు సేపే వెలుగు పడనిచ్చారు. మచ్చల నల్లని నడిభాగం, దాని చుట్టూ ఉన్న పలచని నీడ విడివిడిగా తేలాయి.

అంతకుముందు రెండు శతాబ్దాలకు పైగా మచ్చలను చేత్తో గీసేవారు. ఎంత నేర్పుగా గీసినా ఆ బొమ్మలో గీసినవారి చెయ్యి ఉంటుంది. రోజూ ఫొటోలే తీయాలని ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ సూచించాడు. ఇంగ్లండులోని క్యూ అబ్జర్వేటరీ కోసం వారెన్ డి లా ర్యూ అందుకు తగిన యంత్రాన్ని రూపొందించాడు. దాని షట్టరు సన్నని చీలిక ఉన్న రేకు. పట్టి ఉంచిన దారం తెగగానే స్ప్రింగు లాగి, ఆ చీలిక సూర్యబింబం మీదుగా దూసుకుపోయేది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర మాత్రం 1850లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చిన ఆరంగుళాల టెలిస్కోపు. చేసింది పారిస్‌లోని లెర్‌బూర్, సెక్రెటాన్ సంస్థ. లెన్సులు చేసే ఆ లెర్‌బూరే ఫొటోగ్రఫీ తొలినాళ్లలో దేశదేశాల దృశ్యాల సంపుటాలు అచ్చువేసినవాడు. అయినా ఆయన సంస్థ దుర్భిణి మద్రాసులో దశాబ్దాలపాటు కంటితో చూడడానికే పనికొచ్చింది.

దాని దారి మళ్లడానికి ఒక కారణం కరువు. 1876–78లో బళ్లారి, కర్నూలు, కడప సీమలను ధాత కరువు కబళించింది. సూర్యుడి మచ్చల హెచ్చుతగ్గులకూ వానలకూ లంకె ఉందేమోనన్న ఆలోచన అప్పట్లో బలంగా ఉండేది. లంకె దొరికితే కరువును ముందే పసిగట్టవచ్చని ఆశ. సూర్యుణ్ని నిత్యం గమనించాలన్న పట్టుదల అలా పెరిగి, 1899లో కొడైకెనాల్ కొండ మీద సౌర పరిశోధనాలయం వెలిసింది. పాత టెలిస్కోపును అంతకు ముందు ఏడాదే దుర్భిణులు తయారుచేసే హోవర్డ్ గ్రబ్ ఫొటోలకు అనువుగా మలిచాడు.

అది తేలికైన మార్పు కాదు. కంటి కోసం చేసిన లెన్సు పసుపు, ఆకుపచ్చ కాంతుల్ని ఒకచోట కూడగడుతుంది. నాటి పలకలు ఎక్కువగా స్పందించేది నీలానికి, అది కూడేది మరోచోట. కంటికి నిక్కచ్చిగా ఉన్న మచ్చ పలక మీద చెదిరిపోతుంది. అందుకే ఇలాంటి దుర్భిణితో ఫొటో తీసేవారు రంగు ఫిల్టరు వాడతారు, లేదా పలక వెంట పలక తీసి ఫోకస్ వెతుక్కుంటారు. ఎండ ముదిరితే గాలి మరిగి బింబం అంచులు వణుకుతాయి కాబట్టి ఉదయమే పని ముగించడం మేలు.

కొడైకెనాల్‌లో 1904 నుంచి సూర్యుడి ఫొటోలు తీస్తున్నారు. మొదట్లో చిన్న లెన్సులు వాడారు, తర్వాత పని మద్రాసు నుంచి వచ్చిన ఆరంగుళాల టెలిస్కోపు చేతికి చేరింది. మబ్బులేని ప్రతిరోజూ సుమారు 20 సెంటీమీటర్ల సూర్యబింబం ఒకటి గాజుపలక మీదకు చేరేది. వాటిని తీసినవారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వారి ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఎందుకంటే 1990లలో శివరామన్, గుప్తా, హోవర్డ్ అనే శాస్త్రవేత్తలు 1906 నుంచి 1987 దాకా ఉన్న ఆ ఫొటోలను కొలిచి, మచ్చలు ఏ అక్షాంశంలో ఎంత వేగంగా తిరుగుతాయో, వాటి గుంపులు ఎంత ఏటవాలుగా ఉంటాయో లెక్కగట్టారు.